డబ్బాలో ఏముంది?

ఒక పొడుపు కథ చెప్పుకుందాం.

రేకుతో కట్టిన ఇల్లు. దానికి వాకిలి లేదు, కిటికీ లేదు. లోపల నీళ్ళుంటాయి, ఒలకవు. పండుంటుంది, కుళ్ళదు. ఏమిటది?

డబ్బా. పప్పులూ బెల్లమూ పోసుకునే డబ్బా కాదు. దానికి మూత ఉంటుంది, తీస్తాం, పెడతాం. ఇది చుట్టూ మూసేసిన డబ్బా. రేకును కోస్తే తప్ప తెరుచుకోదు. ఒకసారి కోస్తే మళ్ళీ మూసుకోదు.

ఐరాల చుట్టుపక్కల ఊళ్ళలో ఇలాంటి డబ్బా కొని వండుకునే ఇళ్ళు తక్కువ. కానీ ఈ డబ్బాకూ మనకూ సంబంధం లేదనుకుంటే పొరపాటు. మన తోటల్లో కాసే తోతాపురి మామిడి డబ్బాలోకి కూడా పోతుంది. తోతా అంటే హిందీలో చిలక. కాయ కొన చిలకముక్కులా ఉంటుంది గదా, అందుకే ఆ పేరు. బెంగుళూరు మామిడి అన్నా, కలెక్టర్ కాయ అన్నా ఇదే. బంగారుపాళ్యం, దామలచెరువు మార్కెట్లలో, రోడ్ల పక్కన ర్యాంపుల దగ్గర ట్రాక్టర్ల మీద కనిపించే కాయ ఇదే.

సౌదీలోనో, యెమెన్‌లోనో, నెదర్లాండ్స్‌లోనో ఒకామె అంగడికి పోతుంది. ఆమె మామిడి చెట్టును ఎప్పుడూ చూడలేదు. ఒక డబ్బా కొనుక్కుని కోస్తుంది. లోపల పసుప్పచ్చగా చిక్కటి గుజ్జు ఉంటుంది. ఆమెకు అది వింత తిండి. మనకు పెరట్లో రాలిపోయే కాయ.

కాయ డబ్బాలోకి ఎట్లా పోతుంది?

ఫ్యాక్టరీకి కాయ పచ్చిగానే వస్తుంది. అక్కడ మాగబెడతారు. మాగబెట్టడానికి కార్బైడు వాడకూడదు. అది చట్టం ఒప్పుకోని పని. మాగిన పండును కడుగుతారు. కుళ్ళినవి ఏరి పారేస్తారు. తొడిమ దగ్గర కోసి, టెంక తీస్తారు. ఏరేదీ కోసేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. సీజనులో రాత్రీ పగలూ ఈ పని నడుస్తుంది.

తర్వాత యంత్రం పండును నలిపి, జల్లెడ పట్టి, తొక్కనూ పీచునూ వేరు చేస్తుంది. మిగిలిన గుజ్జును బాగా వేడి చేస్తారు. వేడివేడిగానే డబ్బాలో పోస్తారు. వెంటనే పైన రేకు పెట్టి, అంచులు రెండు మడతలుగా మడిచి నొక్కేస్తారు. ఆ మడతలో నుంచి గాలి కూడా దూరలేదు. అట్లా మూసిన డబ్బాను మళ్ళీ మరిగే నీళ్ళలో ఉడకబెట్టి, చల్లారుస్తారు.

మూసిన తర్వాత మళ్ళీ ఎందుకు ఉడకబెట్టాలి? అసలు పని అంతా అక్కడే ఉంది. తిండి చెడిపోయేది కంటికి కనిపించని క్రిముల వల్ల. గాలిలో, నీళ్ళలో, మట్టిలో, మన చేతుల మీద అవి ఉంటాయి. వేడి లోపలి క్రిములను చంపుతుంది. మడత బయటి క్రిములను రానివ్వదు. ఈ రెండిట్లో ఏది తప్పినా డబ్బా పనికిరాదు.

ఇంకొక సంగతి. వేడి గుజ్జు చల్లారితే కుంచించుకుపోతుంది. దాంతో మూత కొంచెం లోపలికి గుంజుకుపోతుంది. మంచి డబ్బా మూత లోపలికి వంగి ఉంటుంది, లేకపోతే బల్లపరుపుగా ఉంటుంది. పైకి ఉబ్బి మాత్రం ఉండదు. ఇది గుర్తు పెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

డబ్బా లోపలి వైపు చూస్తే బంగారు రంగులో ఒక పూత కనిపిస్తుంది. మామిడి పులుపు రేకును తినకుండా వేసే పూత అది. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచాలంటే ముందు కళాయి పూయించేవాళ్ళు గదా. ఇదీ అట్లాంటిదే.

ఈ ఉపాయం కనిపెట్టింది ఒక మిఠాయిల వంటవాడు. ఫ్రాన్సు దేశస్థుడు. పేరు నికొలాస్ అపేర్. అతను రేకు వాడలేదు. గాజు సీసాలో తిండి పెట్టి, బిరడా బిగించి, నీళ్ళలో ఉడకబెట్టాడు. 1810లో ఫ్రాన్సు ప్రభుత్వం అతనికి 12,000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. యుద్ధాలకు పోయే సైన్యానికి చెడని తిండి కావాలి, అందుకు. అదే ఏడు ఇంగ్లండులో పీటర్ డ్యూరాండ్ అనే ఆయన రేకు డబ్బాకు హక్కు పత్రం పొందాడు. క్రిముల వల్లే తిండి చెడుతుందని లూయీ పాశ్చర్ రుజువు చేసింది ఆ తర్వాత 50 ఏళ్ళకు. అంటే వంటవాడికి ఎందుకో తెలియదు, ఎట్లాగో తెలుసు. మన అవ్వలు ఊరగాయ జాడీలో తడి చెయ్యి పెట్టనివ్వకపోవడం కూడా అట్లాంటి తెలివే.

నవ్వొచ్చే మాట ఒకటుంది. డబ్బా వచ్చిన 40 ఏళ్ళ దాకా దాన్ని తెరిచే పనిముట్టు రాలేదు. ఆ రోజుల్లో డబ్బాను ఉలీ సుత్తీ పెట్టి తెరిచేవాళ్ళు.

ఎవరి తిండి ఎవరికి వింత?

ఇక లోకంలో ఏమేమి డబ్బాలో పెట్టి అమ్ముతున్నారో చూద్దాం.

పలమనేరు, కుప్పం, వి.కోట వైపు పట్టుపురుగులు పెంచుతారు. గూళ్ళను వేడినీళ్ళలో వేసి దారం తీస్తారు. దారం తీశాక లోపలి పురుగు మిగులుతుంది. దాని వాసన అక్కడ పనిచేసేవాళ్ళకు బాగా తెలుసు. మన దగ్గర అది చేపల మేతకూ కోళ్ళ మేతకూ పోతుంది. కొరియా దేశంలో మాత్రం దాన్ని మనుషులే తింటారు. ఉడకబెట్టి, ఉప్పూ మసాలా నీళ్ళతో డబ్బాలో పెట్టి అంగట్లో అమ్ముతారు. దాని పేరు బొందెగి. 1950 నుంచి 1953 దాకా కొరియాలో పెద్ద యుద్ధం జరిగింది. తిండికి కరువొచ్చింది. మాంసం దొరకలేదు. పట్టు పరిశ్రమలో మిగిలిన పురుగు చవకగా దొరికింది, పైగా మంచి బలం. ఆ రోజుల్లో దాన్ని చాలామంది తిన్నారు. ఇప్పుడు కరువు లేదు. అయినా పాత రుచి పోలేదు, డబ్బాలు అమ్ముడుపోతూనే ఉన్నాయి. మన దేశంలో అస్సాంలోనూ పట్టుపురుగును ఇష్టంగా తింటారు.

జపానులో వరి పొలాల మిడతలను పట్టి, సోయా పులుసులో చక్కెర వేసి దగ్గరికి ఉడకబెడతారు. అవీ డబ్బాల్లో దొరుకుతాయి. "ఛీ, మిడతలా!" అని ముక్కు మూసుకునే ముందు ఒక్క మాట. తొలకరి వాన పడగానే పుట్టల్లో నుంచి ఉసిళ్ళు లేస్తాయి. దీపం పెట్టి, వాటిని పట్టి, రెక్కలు చెరిగి, వేయించి, బొరుగుల్లో కలుపుకుని తినే ఇళ్ళు మన సీమలో లేవా? ఫ్రాన్సులో నత్తలు డబ్బాలో అమ్ముతారు. ఖాళీ గుల్లలు విడిగా ఇస్తారు. వండిన నత్తను మళ్ళీ గుల్లలో పెట్టి వడ్డించడం వాళ్ళ మర్యాద. గోదావరి జిల్లాల్లో నత్తల కూర తినేవాళ్ళకు ఇది వింతే కాదు.

అమెరికాలో బోస్టన్ వైపు డబ్బాలో రొట్టె అమ్ముతారు. మొక్కజొన్న పిండి, గోధుమ పిండి, రై అనే ధాన్యం పిండి, చెరకు పాకం కలిపి, ఆవిరి మీద ఉడికించిన రొట్టె అది. ఇడ్లీ వండే తీరే. డబ్బా రెండు వైపులా కోసి తోస్తే గుండ్రంగా బయటికొస్తుంది. జపానులోనూ డబ్బా రొట్టె ఉంది, కానీ దాని కథ వేరు. 1995లో కోబె నగరంలో భూకంపం వచ్చింది. వేల మంది చనిపోయారు. ఇళ్ళు పోయినవాళ్ళ కోసం అకిమొతో అనే రొట్టెల అంగడివాళ్ళు రొట్టెలు పంపారు. అవి చాలా వరకు పంచేలోపే పాడైపోయాయి. నిలవ ఉండే బిస్కెట్లు ఉన్నాయి గానీ ముసలివాళ్ళు వాటిని నమలలేరు. మెత్తగా ఉండి, ఏళ్ళ తరబడి చెడని రొట్టె కావాలి. వాళ్ళు దాన్ని తయారు చేసి డబ్బాలో పెట్టారు. ఇప్పుడు జపానులో బడులూ ఆఫీసులూ దాన్ని ఆపద కోసం దాచి పెట్టుకుంటాయి.

మన దేశం తక్కువ తినలేదు. కలకత్తాలో కె.సి.దాస్ అంగడివాళ్ళు రసగుల్లాను 1930 ప్రాంతంలోనే డబ్బాకెక్కించారు. లండన్‌లో, అమెరికాలో మనవాళ్ళు సరుకులు కొనే అంగళ్ళలో ఉప్పునీళ్ళలో వేసిన మునక్కాయ ముక్కల డబ్బా ఉంటుంది. ఐరాలలో గోడ మీదుగా వంగి ఊరికే కోసుకునే మునక్కాయ అక్కడ డబ్బులు పెట్టి కొనే డబ్బా సరుకు. పచ్చి పనసకాయ ముక్కలు కూడా డబ్బాల్లో పోతాయి. మాంసం మానేసిన తెల్లవాళ్ళు దాన్ని మాంసం బదులు వండుకుంటారు. మన పెళ్ళిళ్ళ వంటవాళ్ళు వింటే మురిసిపోతారు.

వీటన్నిటికంటే పేరు మోసింది స్వీడన్ దేశపు పులిసిన చేప. దాని పేరు సుర్‌స్ట్రోమింగ్. హెర్రింగ్ అనే చిన్న చేపను కొంచెం ఉప్పు వేసి పీపాల్లో పులియబెడతారు. తర్వాత డబ్బాలో మూస్తారు. అయితే ఈ డబ్బాను ఉడకబెట్టరు. లోపల చేప పులుస్తూనే ఉంటుంది. గాలి పుడుతుంది. డబ్బా పూరీలా ఉబ్బుతుంది. కోసినప్పుడు బుస్సుమని రసం చిమ్ముతుంది. ఆ కంపుకు ఇంట్లో ఎవరూ నిలవలేరు. అందుకని ఆరుబయట, కొందరైతే బకెట్ నీళ్ళలో ముంచి తెరుస్తారు. పలచని రొట్టెలో ఉర్లగడ్డ, ఎర్రగడ్డ ముక్కలతో చుట్టుకుని తింటారు. 2006లో ఎయిర్ ఫ్రాన్స్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ కంపెనీలు ఈ డబ్బాను విమానం ఎక్కనివ్వం అన్నాయి. మన బస్సులో ఎండుచేపల బుట్టతో ఎక్కేవాళ్ళకు కండక్టరు చెప్పే మాటే విమానంవాళ్ళూ చెప్పారు.

ఈ స్వీడన్ చేప ఒక్కటీ వేరు. దాన్ని చూసి, ఉబ్బిన డబ్బా అయినా తినొచ్చు అనుకోకూడదు.

ఉబ్బిన డబ్బా

ఒక ఇంట్లో ఇట్లా జరిగిందనుకోండి. చిన్నకొడుకు కువైట్ నుంచి వచ్చినప్పుడు నాలుగు చేపల డబ్బాలు తెచ్చాడు. మూడు తిన్నారు. ఒకటి అటక మీద ఉండిపోయింది.

"ఏమ్మే, ఆ చేపల డబ్బా అట్లనే పెట్టినావే. ఈ పొద్దు పిల్లోళ్ళకు పులుసు పెట్టు" అంది అత్త.

కోడలు డబ్బా దించి చూసింది. "అత్తా, మూత చూడు, ఉబ్బిపోయుండాది."

"ఉబ్బితే ఏమి? నిండా పెట్టుంటారు."

"నిండా పెట్టింటే తెచ్చినప్పుడే ఉబ్బుండాల గదా. అప్పుడు బాగుండింది."

"బాగా ఉడకబెడితే ఏ పురుగైనా చస్తాది లేమ్మే. అంత దూరం నుంచి తెచ్చినాడు మీ మరిది. పారేస్తే ఎట్ల?"

"పురుగు చస్తాది సరే అత్తా. అది కక్కిన విషమో?"

కోడలు అడిగిందే అసలు మాట. ఒక రకం క్రిమి ఉంది. దానికి గాలి అక్కర్లేదు. గాలి లేని చోటే బాగా పెరుగుతుంది. దాని విత్తనాలు మరిగే నీళ్ళలో కూడా చావవు. వాటిని చంపాలంటే ఆవిరి ఒత్తిడి పెట్టి 121 డిగ్రీల దాకా వేడి చేయాలి. చేపలు, మాంసం, కూరగాయలు పెట్టే ఫ్యాక్టరీలు అట్లాగే చేస్తాయి. మామిడిలో పులుపు ఉంది. పులుపులో ఈ క్రిమి పెరగదు. అందుకే గుజ్జు డబ్బాకు మరిగే నీళ్ళు చాలు, చేపల డబ్బాకు చాలవు.

వేడి సరిగా తగలకపోయినా, మడత దగ్గర సందు పడినా, ఆ క్రిమి లోపల పెరిగి విషం కక్కుతుంది. ఆ జబ్బును బొటులిజం అంటారు. ముందు కనురెప్పలు వాలిపోతాయి. ఒకటి రెండుగా కనిపిస్తుంది. మాట ముద్దగా వస్తుంది. మింగుడు పడదు. తర్వాత ఊపిరి ఆడదు. ఇట్లా అనిపిస్తే నాటు మందులతో పొద్దు పుచ్చకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. తిన్న డబ్బా సంగతి డాక్టరుకు చెప్పాలి.

ఈ విషానికి ఒక్కోసారి వాసన ఉండదు, రంగు మారదు. కాబట్టి "కొంచెం నాలిక్కు రాసుకుని చూస్తా" అనడం అన్నిటికంటే చెడ్డ పని. ఆ కొంచెం చాలు. ఉబ్బిన డబ్బాను తెరవనే కూడదు. కవర్లో చుట్టి, పిల్లలకూ కుక్కలకూ అందకుండా లోతుగా పూడ్చేయాలి. పండ్ల డబ్బాలో పులుపు రేకును తిన్నా కూడా మూత ఉబ్బుతుంది, అది వేరే సంగతి. కానీ బయటి నుంచి చూసి ఏది ఏదో చెప్పలేం. రెండూ పారేయాల్సిందే. మడత మీద సొట్ట పడిన డబ్బా, తుప్పు పట్టి చెమ్మ కారే డబ్బా కూడా కొనకండి. అంగడివాడు సగం ధరకు ఇస్తానన్నా సరే.

డబ్బా మీది రాతలు

మన దేశంలో డబ్బా మీద వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలని నియమం. తెలుగు ఉండి తీరాలని లేదు. తెలుగు నేర్చుకున్నవాళ్ళకు ఇది అన్యాయమే. అయినా చదవగలిగేవి కొన్ని ఉన్నాయి. అంకెలు అవే అంకెలు. తయారైన నెల, ఏడు ఒకచోట ఉంటాయి. ఎప్పటిలోగా వాడాలో ఇంకోచోట ఉంటుంది. కొన్ని డబ్బాలకు ఈ అంకెలు అడుగున కొట్టి ఉంటాయి, తిప్పి చూడాలి. పచ్చ గీతల చదరంలో పచ్చ చుక్క ఉంటే శాకాహారం. మట్టిరంగు త్రికోణం ఉంటే మాంసాహారం. మాంసాహారానికి పూర్వం మట్టిరంగు చుక్క ఉండేది. పూర్వం పండ్ల సరుకు మీద ఎఫ్.పి.ఓ. అనే ముద్ర ఉండేది. 2006లో కొత్త ఆహార చట్టం వచ్చాక ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. గుర్తూ, దాని కింద 14 అంకెల నంబరూ వేస్తున్నారు. రసగుల్లా డబ్బా కొనేటప్పుడు బరువు చూడండి. ఒక కిలో అని ఉంటే అందులో పాకం కూడా కలిసే ఉంటుంది.

మామిడి గుజ్జు డబ్బా మీద ఫ్యాక్టరీ పేరు ఉంటుంది. కాయ పండించిన ఊరి పేరు ఉండదు. ఆ ఊరివాళ్ళకు దక్కింది ఎంతో ఒక లెక్క వేసి చూద్దాం.

పెద్ద డబ్బాలో 3 కిలోల 100 గ్రాముల గుజ్జు పడుతుంది. తోతాపురి కాయలో టెంక, తొక్క పోగా సుమారు సగం గుజ్జు. అంటే ఒక డబ్బాకు ఆరు కిలోలకు పైగా కాయ కావాలి. 2025 సీజనులో ప్రభుత్వం తోతాపురికి కిలో 12 రూపాయలు అని నిర్ణయించింది. అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 రూపాయలు ప్రభుత్వం కలపాలి. ఆరు కిలోలకు ఫ్యాక్టరీ ఇవ్వాల్సింది 48 రూపాయలు. ప్రభుత్వం సొమ్ము 24 రూపాయలు. రెండూ కలిపి 72. చాలామంది రైతులు ఆ 8 రూపాయలు కూడా తమకు అందలేదని చెప్పారు. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. ఎండలో కాయ చెడిపోయింది. కర్ణాటక నుంచి వచ్చే తోతాపురిని ఆ జూన్‌లో జిల్లాలోకి రానివ్వలేదు. అక్కడి రైతులూ మనలాంటివాళ్ళే, వాళ్ళూ గోల పెట్టారు.

ధర ఎందుకు పడింది? ఎక్కువ కాపు ఒక కారణం. ముందు ఏడు చేసిన గుజ్జు అమ్ముడుపోక గోదాముల్లో మిగిలి ఉండడం ఇంకొక కారణం. గుజ్జు డబ్బా రెండేళ్ళు నిలవ ఉంటుంది. కొన్నవాళ్ళు తొందర పడక్కర్లేదు. చెట్టు మీది కాయకు ఆ వెసులుబాటు లేదు. కోయకపోతే రాలిపోతుంది, కోస్తే కొద్ది రోజుల్లో అమ్మాలి. కాయను చెడకుండా కాపాడే డబ్బానే కొన్ని ఏళ్ళలో రైతు బేరాన్ని చెడగొడుతుంది. అందుకే మామిడి రైతు పూత ఎట్లా ఉందో చూసుకున్నట్టే, గోదాముల్లో పాత గుజ్జు ఎంత మిగిలిందో కూడా సీజను ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు పలక తీసుకోండి. ఒక ట్రాక్టరులో 4 టన్నుల కాయ వేశారనుకుందాం. టన్నుకు వెయ్యి కిలోలు. డబ్బాకు ఆరు కిలోల లెక్కన ఎన్ని డబ్బాలు నిండుతాయి? కిలో 8 రూపాయలైతే ఆ ట్రాక్టరుకు ఎంత రావాలి? కిలో 5 రూపాయలే ఇస్తే ఎంత తగ్గుతుంది? కోత కూలీ, ట్రాక్టరు బాడుగ మీ ఊళ్ళో ఎంతో కనుక్కుని, అందులో నుంచి తీసేసి చూడండి.